దయచేసి ఈ పడవను కాపాడకండి

గురువారం ఉదయం లెనర్డ్ లార్టర్ రెండు గుడ్లు, నాలుగు టోస్టులు తిని, టీ తాగి, తొమ్మిదేళ్లపాటు బాగుచేసిన పడవను నీళ్లలో ముంచడానికి బయలుదేరాడు.

ముంచడమంటే నిజంగా ముంచడమే. ఆ పడవ పేరు డాఫ్నే. 1958లో థేమ్స్ ఒడ్డున కట్టిన స్పీడ్‌బోటు, ఒళ్లంతా మహాగనీ చెక్క. తొమ్మిదేళ్లు గ్యారేజీలో ఉండి ఉండి పలకలు ఎండిపోయాయి, మధ్యమధ్య సందులు పడ్డాయి. ఎండిన చెక్క బకెట్టును నానేసినట్టే ఇలాంటి పడవను కూడా మూడు రోజులు నీళ్లు నింపి వదిలేయాలి. చెక్క ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఆ తరువాత నీళ్లు తోడేసి ఇంజన్ బిగిస్తే గంటకు నలభై మైళ్లు పోతుంది. థర్న్‌బీ సరస్సులో గంటకు నాలుగు మైళ్లు దాటకూడదని నియమం ఉంది కాబట్టి బాతులు దాన్ని దాటిపోతాయి, అది వేరే సంగతి.

తొందరంతా ఆయన భార్య హెస్టర్ పెట్టిన గడువు వల్ల వచ్చింది.

"ఆదివారం మధ్యాహ్నం నన్నందులో కూర్చోబెట్టుకుని అవతలి ఒడ్డున పబ్బుకి తీసుకెళ్లు. నా తెల్ల బూట్లు తడవకూడదు. తడిశాయో, సోమవారం నార్విచ్ నుంచి పాత పడవలు కొనే ఆయన వస్తున్నాడు, ఆయనకి దీన్ని అమ్మేస్తా."

"తొమ్మిదేళ్ల కష్టం, హెస్టర్!"

"నాదీ తొమ్మిదేళ్ల కష్టమే. నా కారు అన్నాళ్లూ వానలోనే ఉంది. సీటు కింద పుట్టగొడుగులు మొలిచాయి, ఎప్పుడైనా చూశావా?"

లెనర్డ్ చూడలేదు. ఆయన తొమ్మిదేళ్లుగా డాఫ్నేను తప్ప దేన్నీ చూడలేదు. పడవను రేవుకు కట్టి, అడుగున బిరడా తీసి, సీట్లదాకా నీళ్లు నిండేవరకు ప్రేమగా చూసి, భోజనానికి ఇంటికి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి పక్కింటి కెరిసన్ నడుం లోతు నీళ్లలో నిలబడి ఆఖరి బకెట్టు తోడుతున్నాడు. ఆయన రిటైరైన పళ్ల డాక్టరు, డెబ్బై నాలుగేళ్లు. బిరడా ఎప్పుడో, మళ్లీ ఊడి రానంత గట్టిగా బిగించేశాడు.

"సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది, లార్టర్ గారూ! ఇంకాస్త ఆలస్యమైతే మీ పడవ గల్లంతే. రెండు గంటల్నుంచీ తోడుతున్నా."

లెనర్డ్ నిజం చెప్పబోయాడు. కానీ అది ఎవరైనా కాలు తొక్కితే తొక్కించుకున్నవాడే క్షమాపణ చెప్పే ఊరు. రెండు గంటలు నీళ్లు తోడిన ముసలాయనతో మీ శ్రమంతా దండగ అని చెప్పడానికి నోరెలా వస్తుంది?

"మీ మేలు మరిచిపోలేనండీ" అన్నాడు.

"భలేవారే! ఇరుగుపొరుగు అన్నాక ఈ మాత్రం చేయమా?"

కెరిసన్ కనుమరుగయ్యాక లెనర్డ్ అదే బకెట్టు తీసుకుని పడవలో నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. కుక్కను తిప్పడానికి వచ్చిన మ్యూటిమర్ అనే పొరుగావిడ అది చూసింది. సొంత పడవలో నీళ్లు పోస్తూ, మధ్యమధ్య ముఖం తుడుచుకుంటున్న మనిషిని చూసి ఆమెకు కడుపు తరుక్కుపోయింది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. అమ్ముకోవడం ఇష్టంలేక లెనర్డ్ పడవను ముంచేస్తున్నాడట. ఆ మాట రొట్టెల కొట్టు దాటేసరికి, పడవతోపాటు తానూ మునుగుతాడట అన్నదాకా వెళ్లింది.

శుక్రవారం ఉదయం సరస్సు కాపలా అధికారి గిలియన్ బన్ ఇంటికి వచ్చింది. టీ తాగింది. రెండో కప్పు కూడా తాగింది.

"మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకుంటే తేలికవుతుందండీ."

"నా మనసులో ఏముందమ్మా? పడవకి నీళ్లు పట్టాలి, అంతే."

"నాకర్థమైంది" అంటూ ఆమె బల్లమీది రొట్టెల కత్తిని నెమ్మదిగా తన వైపు లాక్కుంది.

ఆమె చేతిలోంచి బయటపడేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా బోట్ క్లబ్బు పెద్దలు క్రేన్ తెప్పించి డాఫ్నేను పైకెత్తారు. మే నెల ఎండలో పచ్చికమీద బోర్లించి, రెండు హీటర్లు పెట్టారు. మ్యూటిమర్ తన జుట్టు ఆరబెట్టుకునే మిషను పట్టుకుని వంగి నిలబడింది. పలకల సందుల్లోంచి అవతలి గడ్డి కనిపిస్తోంది. లెనర్డుకు ఏడుపొచ్చింది. అది కృతజ్ఞత అనుకుని అందరూ ఆయన వీపు తట్టారు. ఎంత వద్దన్నా వినకుండా ఆ రాత్రీ, మర్నాడంతా ఆరబెట్టారు.

శనివారం సాయంత్రం పబ్బులో లెనర్డ్ లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి కాస్త గొంతు పెంచాడు.

"మన్నించాలి. నా పడవ మునిగిపోలేదు. నేనే ముంచాను. చెక్క నానాలి. నానకపోతే కారుతుంది. కారితే డాఫ్నేను అమ్మేస్తారు. ఇకమీదట దాన్నెవరూ దయచేసి కాపాడొద్దు."

కెరిసన్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ ముక్క గురువారమే చెప్పొచ్చు కదండీ?"

"మీరు నడుందాకా తడిసి నిలబడి ఉంటే ఎలా చెప్పమంటారు?"

అది నిజమేనని అందరూ ఒప్పుకున్నారు. అప్పటికప్పుడు పడవను మళ్లీ నీళ్లలోకి దించారు. కెరిసన్ పాపపరిహారంగా ఒక బోర్డు రాసి రేవులో పాతాడు: దయచేసి ఈ పడవను కాపాడకండి. అంతటితో ఆగక ఇంటింటికీ తిరిగి, పంటిని చిగురు పట్టుకున్నట్టు పలకను పలక ఎలా పట్టుకుంటుందో వివరించాడు.

మూడు రోజుల పని ఒక్క రాత్రిలో అవుతుందా? కాదని లెనర్డుకు తెలుసు. అయినా ఆదివారం పొద్దున నీళ్లు తోడాడు, ఇంజన్ బిగించాడు. ఒడ్డున సగం ఊరు మడత కుర్చీలు, శాండ్‌విచ్చులతో కూర్చుంది. హెస్టర్ తెల్ల బూట్లతో వచ్చి పడవెక్కింది.

సరస్సు మధ్యకు వెళ్లేదాకా అంతా సవ్యంగానే ఉంది.

"లెనర్డ్."

"ఊఁ."

"నా కాళ్లు చల్లగా ఉన్నాయి."

లెనర్డ్ కిందికి చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు, నీళ్లే పైకి వస్తున్నాయి. లేచి నిలబడి ఒడ్డువైపు చేతులూపాడు.

"మునిగిపోతున్నాం! కాపాడండి!"

ఒడ్డునుంచి చప్పట్లు వినిపించాయి.

"మేం రాం లెండి!" అని కెరిసన్ అరిచాడు. "మీరు నిశ్చింతగా మునగండి!"

ఎవరో కొత్తాయన నీళ్లలో తేలే రక్షణ చక్రం విసరబోతే ఇద్దరు మర్యాదగా ఆయన చెయ్యి పట్టుకుని, చెక్క స్వభావం గురించి చెప్పారు. దగ్గర్లో ఉన్న గిలియన్ బన్ తన పడవ అలలకు డాఫ్నే నానడం చెడుతుందేమోనని దూరంగా వెళ్లిపోయింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. డాఫ్నే నెమ్మదిగా దిగి బురదలో కూర్చుంది. అక్కడ లోతు తక్కువే. సీట్లో కూర్చుంటే నీళ్లు పొత్తికడుపు దాకా వచ్చాయి.

హెస్టర్ ఒక బూటు విప్పి, అందులోని నీళ్లు పారబోసి, దాన్ని భర్త ముఖం ముందు పెట్టింది. లెనర్డుకు తన తొమ్మిదేళ్లూ ఆ బూటులోంచి కారిపోయినట్టే అనిపించింది.

అంతలో కెరిసన్ మళ్లీ కేకేశాడు. "హెస్టర్ గారూ! ఇంజన్ కూడా నానాలాండీ?"

ఊరంతా జవాబు కోసం చూస్తోంది. నానకూడదంటే, తెల్ల బూట్లేసుకుని మొగుడితోపాటు మునిగిపోయిన మనిషిగా మిగిలిపోవాలి. ఇరవై ఏళ్లుగా ఆ ఊరి పూల ప్రదర్శనకు హెస్టరే అధ్యక్షురాలు. ఆమె బూటు తొడుక్కుని నిటారుగా కూర్చుంది.

"ముందు నానాల్సింది ఇంజనే!"

"అలాగా! అమ్మేస్తున్నారని విన్నామే?"

"ఎవరండీ ఆ మాటన్నది?" అంది హెస్టర్, సరస్సు అవతలికి కూడా వినపడేలా. "ఇంత శ్రద్ధగా నానబెట్టుకుని ఎవరైనా అమ్ముకుంటారా? మా డాఫ్నే ఎక్కడికీ పోదు!"

లెనర్డ్ నీళ్లకింద ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మాట్లాడావంటే చంపేస్తా" అంది హెస్టర్, ఒడ్డువైపు నవ్వుతూ చెయ్యి ఊపుతూ.

జనం వెళ్లిపోగానే లేచి నడుచుకుంటూ ఒడ్డు చేరాలని ఇద్దరూ అనుకున్నారు. జనం కూడా మర్యాదస్తులే, వాళ్లిద్దరూ కూర్చుని ఉండగా లేచి వెళ్లడం బాగుండదని పొద్దుగూకేదాకా కదల్లేదు.