సూర్యప్రకాశరావుగారి అంతర్జాతీయ సన్మానం

గురువారం మధ్యాహ్నం నేపర్‌విల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఫోన్లన్నీ ఒక్కసారి టింగుమన్నాయి. "శుభవార్త. పశ్చిమ శివార్ల తెలుగు సమితి అధ్యక్షులు, సేవాతత్పరులు, నిగర్వి శ్రీ సూర్యప్రకాశరావు గారు ఈ శనివారం సాయంత్రం యూదు సోదరుల సంగీతోత్సవంలో అంతర్జాతీయ స్థాయి సన్మానం అందుకోబోతున్నారు. ఇది యావత్ తెలుగుజాతికి జరుగుతున్న సన్మానం. అందరూ ఆహ్వానితులే. పార్కింగ్ ఫ్రీ. ఇట్లు, ఫణి, ప్రధాన కార్యదర్శి."

వార్త అందరికీ చేరింది, సన్మానం చేయవలసిన యూదులకు తప్ప.

రావుగారికి ఈ సన్మానం ఎంత అవసరమో కాస్త చెప్పాలి. సమితికి ఆయన రెండుసార్లు అధ్యక్షులు. మూడోసారి కూడా తానే ఉండాలని ఆయనకు లేదు, కానీ సమితికి ఉంటుందేమోనని ఆయన అనుమానం. అడ్డల్లా రిటైర్డ్ డాక్టర్ ఈశ్వరయ్యగారు. ఆయన్ని తప్పించడానికి రావుగారు ఆగస్టులో ఒక రూల్ పాస్ చేయించారు. వాలంటీర్ సేవకి తెలుగువాళ్ళది కాని సంస్థ చేతుల మీదుగా సన్మానం పొందినవాళ్ళే అధ్యక్ష పదవికి పోటీ చేయాలి, రుజువుగా ఫోటో చూపించాలి. ఈశ్వరయ్యగారి శాలువాలన్నీ తెలుగువాళ్ళు కప్పినవే కాబట్టి ఆయన అక్కడికక్కడే అనర్హులైపోయారు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఉండగా రావుగారికి తన శాలువాలు గుర్తొచ్చాయి. అవీ తెలుగువాళ్ళు కప్పినవే.

నామినేషన్లకి ఆఖరు గడువు ఆదివారం మధ్యాహ్నం. అలాంటి సమయంలో యూదుల ప్రార్థనా మందిరం, సినగాగ్ నుంచి పిలుపు వచ్చింది. సమితివాళ్ళు ఆదివారాలు తెలుగు బడి నడుపుకునేది ఆ సినగాగ్ బేస్‌మెంట్‌లోనే. అక్కడి పనులన్నీ చూసుకునే మిరియమ్ అనే పెద్దావిడ, ఇరుగుపొరుగు మర్యాదకి ఫోన్ చేసి, "శనివారం మా వాలంటీర్లని సత్కరించుకుంటున్నాం, మా సంగీతం కూడా ఉంటుంది, మీరూ రండి" అంది.

"విన్నావా ఫణీ, వాలంటీర్లని సత్కరిస్తున్నాం, మీరూ రండి అంది. ఇంకా విడమరిచి చెప్పాలా?" అన్నారు రావుగారు.

"అక్కర్లేదు సార్. కానీ వాళ్ళకి శాలువా కప్పే అలవాటుంటుందా?"

"ముందు మనం కప్పుదాం. వాళ్ళ వాలంటీర్లందరికీ మనం కప్పాక, మర్యాదస్తులు కదా, తిరిగి కప్పకుండా ఉంటారా?"

"వాళ్ళ దగ్గర శాలువా లేకపోతే?"

"మనమే ఒకటి ఎక్స్‌ట్రా పట్టుకెళ్దాం."

ఇంత దూరదృష్టి ఉన్న నాయకుడు దొరకడం సమితి అదృష్టమని ఫణి అప్పటికప్పుడు గ్రూపులో పెట్టాడు.

శనివారం సమితి కార్యవర్గం మొత్తం సినగాగ్‌కి కదిలింది. ఈ కార్యవర్గం గురించి గొప్పగా చెప్పుకోవాలి. ఇందులో సభ్యుడు అనేవాడు ఉండడు. ఉన్నవాళ్ళందరూ చెయిర్‌లు, కో-చెయిర్‌లు, సలహాదారులు. కల్చరల్ చెయిర్ శ్రీవిద్య, యూత్ చెయిర్ శశికాంత్ చెరో ట్రే నిండా శాలువాలు పట్టుకున్నారు. సలహాదారులు ఖాళీ చేతులతో వచ్చారు. రావుగారి సతీమణి జానకీదేవి వెనక సీట్లో కూర్చుని వచ్చింది.

శనివారం పొద్దుగూకేదాకా యూదులకి విశ్రాంతి దినం, ఏ పనీ ముట్టరు. నవంబరు కాబట్టి అయిదు కాకుండానే చీకటి పడింది. వాళ్ళు ప్రార్థన ముగించి, అప్పుడే హాల్లో కుర్చీలు వేయడం మొదలుపెట్టారు. రావుగారు వేదిక వైపు చూశారు. అక్కడ ఒక క్లారినెట్, ఒక ఫిడేలు, ఒక అకార్డియన్, ఒక మైకు ఉన్నాయి. పెద్దలు కూర్చోవడానికి ఒక్క కుర్చీ కూడా లేదు. ఆ లోటు చూడలేక ఫణి గబగబా ఏడెనిమిది కుర్చీలు వేదిక మీదికి చేర్చాడు.

"ఎంత సాయం చేస్తున్నారండీ. కానీ అవి కింద వేయాలి" అంది మిరియమ్. ఫణి మళ్ళీ అన్నీ దించాడు. ఆమె అతని పేరడిగి తెలుసుకుంది.

కారిడార్ గోడ మీద ఒక పెద్ద ఫోటో ఉంది. పొద్దుటి ప్రార్థన ఫోటో. అందులో ప్రతి ఒక్కరి భుజాల మీదా చారల శాలువా ఉంది. రావుగారు దాని ముందు ఆగి ఫణిని దగ్గరికి పిలిచారు.

"చూశావా. అందరికీ సన్మానం అయిపోయింది."

"చేసినవాళ్ళు ఎక్కడా కనపడట్లేదు సార్."

"ఒకళ్ళకొకళ్ళు చేసేసుకుంటారు. ఆర్గనైజేషన్ అంటే అదీ. మనం చాలా వెనకబడి ఉన్నాం ఫణీ."

అవి ప్రార్థనలో కప్పుకునే శాలువాలని, ఎవరిది వాళ్ళే కప్పుకుంటారని మిరియమ్ ఓపిగ్గా చెప్పింది. రావుగారు "ఐ అండర్‌స్టాండ్" అన్నారు. తనకు తానే కప్పుకోవచ్చన్న ఆలోచన ఆయనకి అంతకు ముందు తట్టలేదు. కానీ ఫోటోలో అది అంత బాగా రాదు.

సంగీతం మొదలైంది. క్లారినెట్ మొదట ఏడుస్తున్నట్టు వినిపించింది, అంతలోనే పకపకా నవ్వింది. హాల్లో జనం చప్పట్లు అందుకున్నారు. జానకీదేవి కూడా కాలుతో తాళం వేసింది. ఏ పాట తర్వాత తనని పిలుస్తారోనని రావుగారు అంగవస్త్రం సర్దుకుంటూనే ఉన్నారు. మూడు పాటలయ్యాక మిరియమ్ మైకు దగ్గరికి వచ్చింది.

"ఈ ఏడాది మేం గౌరవించుకునే మొదటి వాలంటీర్ ఎస్టెల్. ఎస్టెల్, రామ్మా."

ఎవరూ రాలేదు. వాకిలి దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది. "నేను రాలేను, ఇంకా జనం వస్తున్నారు. వీళ్ళ కోట్లు ఎవరు తీసుకుంటారు?"

హాలంతా నవ్వింది. మిరియమ్ తల పట్టుకుని రెండో పేరు పిలిచింది. ముర్రే పార్కింగ్‌లో టార్చిలైట్ పట్టుకుని కార్లకి దారి చూపిస్తున్నాడట, రానన్నాడట. మూడో ఆయన సాల్. కిచెన్‌కీ హాలుకీ మధ్య ఉన్న కిటికీలోంచి సాల్ తల బయట పెట్టి, "కాఫీ వదిలి ఎక్కడికి రమ్మంటారు?" అన్నాడు.

"ప్రతి ఏడూ ఇదే తంతు. సన్మానం చేద్దామంటే ఒక్కరూ పని వదిలి రారు. చివరికి మేం జ్ఞాపికలు వాళ్ళ చేతికిచ్చి పంపించేస్తాం" అంది మిరియమ్.

సన్మానానికి పిలిస్తే రాని మనుషుల్ని రావుగారు జీవితంలో చూడలేదు. వీళ్ళు రాకపోతే శాలువాలు కప్పేదెవరికి? కప్పకపోతే తనకి తిరిగి కప్పేదెవరు? రేపు మధ్యాహ్నం కృష్ణకుమారిగారికి చూపించేదేమిటి? కృష్ణకుమారిగారంటే సమితి ఎన్నికల అధికారి. వృత్తి రీత్యా ఆడిటర్.

నాయకుడన్నవాడు ఇలాంటప్పుడే బయటపడతాడు. రావుగారు లేచి, "శ్రీవిద్యా, నువ్వెళ్ళి ఆ కోట్లు చూడమ్మా, ఆవిడని పంపించు" అన్నారు.

"అంకుల్, నేను కల్చరల్ చెయిర్‌ని."

"కోట్లు కల్చర్ కాదా?"

శ్రీవిద్య వెళ్ళింది. శశికాంత్ టార్చిలైట్ దగ్గరికి వెళ్ళాడు. ఎస్టెల్, ముర్రే సిగ్గుపడుతూ వేదిక ఎక్కారు. ఇక సాల్ ఒక్కడు మిగిలాడు. రావుగారు సలహాదారుల వైపు చూశారు. ఎవరినైనా కిచెన్‌కి పంపమని వాళ్ళు సలహా ఇచ్చారు. ఆయన ఫణి వైపు చూశారు.

"నేను కిచెన్‌లోకి వెళ్తే ఫోటో ఎవరు తీస్తారు సార్?"

"రెండే రెండు నిమిషాలు" అని రావుగారు స్వయంగా కిచెన్‌లోకి నడిచారు.

సాల్ ఆయన భుజం తట్టి, సిల్కు లాల్చీ మీద ఏప్రన్ కట్టి, పని అప్పగించాడు. పెద్ద స్టీలు కాఫీ డ్రమ్ములు రెండు. వచ్చిన కప్పులు వచ్చినట్టే కడగాలి. సింకులు కూడా రెండు, ఒకటి పాలవాటికి, ఒకటి మాంసంవాటికి, వాళ్ళ ఆచారం ప్రకారం దీనిలోది దానిలోకి పోకూడదు. ఇది మాత్రం రావుగారికి చెప్పగానే అర్థమైంది. సమితిలో ఆయన వర్గానికీ ఈశ్వరయ్యగారి వర్గానికీ విందులు జరిగేది ఇలాగే.

సాల్ అలా వేదిక ఎక్కాడో లేదో, అక్కడ ఫణి ముగ్గురికీ శాలువాలు కప్పేశాడు, ఇక్కడ కిటికీ ముందు జనం క్యూ కట్టారు. మొదటి ముసలమ్మ కప్పు చాపి, "ఇది మామూలు కాఫీయా, కెఫీన్ తీసేసిన డీకాఫా?" అంది.

ముప్పై ఏళ్ళ ప్రజాజీవితంలో, సమాధానం చెప్పి తీరవలసిన ప్రశ్న రావుగారిని ఎవరైనా అడగడం అదే మొదలు. ఆయన తన పద్ధతిలో, ఈ విషయం పరిశీలనలో ఉందన్నారు. ముసలమ్మ కదల్లేదు. పరిశీలించేదాకా ఇక్కడే ఉంటానంది. ఆయనే ఒక చుక్క తాగి చూడాల్సి వచ్చింది. తర్వాత లాల్చీ చేతులు మోచేతుల దాకా మడవాల్సి వచ్చింది. తర్వాత ఇంకేం ఆలోచించడానికీ తీరిక లేకపోయింది.

హాల్లో క్లారినెట్ జోరందుకుంది. జనం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. పాతికేళ్ళ తర్వాత మొదటిసారి వంటింట్లోంచి బయటపడ్డ సాల్ అందరికన్నా ముందు ఎగురుతున్నాడు. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి, సాల్ తిరిగి వచ్చే సూచన లేదు. పాట ఆగాక మిరియమ్ మైకు అందుకుంది.

"మా వాలంటీర్లు ముగ్గురూ ఒకేసారి ఈ వేదిక మీద నిలబడటం ఇదే మొదటిసారి. మన తెలుగు స్నేహితులు వాళ్ళ పనులు అందుకోబట్టి ఇది జరిగింది. ఈ ఏటి ప్రత్యేక వాలంటీర్ సన్మానం వాళ్ళ అధ్యక్షులకే. మిస్టర్ రావ్, దయచేసి వేదిక మీదికి రండి."

రావుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏప్రన్ ముడి వెతుక్కున్నారు. సాల్ అదెలా కట్టాడో ఏమో, చేతికి దొరకలేదు. ఇంకో చేతిలో సగం నిండిన కప్పుంది, క్యూ తలుపు దాకా ఉంది. ఆయన కిటికీలోంచి గట్టిగా పిలిచారు. "ఫణీ, ఒకసారి ఇటొచ్చి ఇది పట్టుకో."

ఫణికి అది వినిపించింది. అయినా అధ్యక్షుల ప్రతిష్ఠ గాల్లో వేలాడుతున్న ఆ క్షణంలో కప్పు పట్టుకోవడం ముఖ్యమా, సన్మానం పట్టుకోవడం ముఖ్యమా? అతను తన ఫోన్ సాల్ చేతిలో పెట్టి వేదిక ఎక్కాడు. "అధ్యక్షుల వారు సేవలో నిమగ్నమై ఉన్నారు. వారి తరఫున నేను స్వీకరిస్తున్నాను" అన్నాడు. ఎక్స్‌ట్రా శాలువా సమయానికి అక్కరకొచ్చింది. మిరియమ్ అతనికి కప్పింది. జనం ఉత్సాహం పట్టలేక అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి గాల్లోకి ఎత్తారు. సాల్ ఫోటో తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో, తెలుగు బడి పిల్లల చిన్న కుర్చీల్లో సమితి పెద్దలందరూ కూర్చున్నారు. వచ్చిన నామినేషన్లు రెండు. ఫణి నామినేషన్ చూసి రావుగారు నోరు తెరిచారు.

"మీ ఆశయాలు ఆగిపోకూడదని వేశాను సార్" అన్నాడు ఫణి, కళ్ళు ఒత్తుకుంటూ.

"సన్మానం నాది. పని చేసింది నేను. సాయంత్రమంతా కాఫీ పోశాను, కప్పులు కడిగాను" అన్నారు రావుగారు.

ఆ మాటకి వెనక వరసలో ఈశ్వరయ్యగారికి పొలమారింది. ఎవరో నీళ్ళిచ్చారు.

"మీరు చేయలేదని నేననట్లేదండీ. రూల్ ప్రకారం ఫోటో కావాలి. రూల్ మీదే కదా" అంది కృష్ణకుమారిగారు.

ఫోటో ఉంది. ఫోటోలో ఫణి గాల్లో ఉన్నాడు, భుజాన శాలువా, మొహాన నవ్వు. రావుగారు ఫోన్ లాక్కుని, కుడి పక్క మూలని పెద్దది చేశారు. కిచెన్ కిటికీ కనిపించింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి ఉంది. మోచేతి దాకా మడిచిన లాల్చీ, వేళ్ళకి సబ్బు నురగ, చేతిలో కాఫీ కప్పు.

"ఆ చెయ్యి నాదే" అన్నారాయన.

కృష్ణకుమారిగారు ఫోన్ అందరి వైపూ తిప్పింది. శ్రీవిద్య తాను కోట్ల దగ్గర ఉన్నానంది, శశికాంత్ పార్కింగ్‌లో ఉన్నానన్నాడు. సలహాదారులు ఆ ఫోటో చూసి బాధపడ్డారు. అధ్యక్షుల వారి చేత ఎంగిలి కప్పులు కడిగించామని రేపు ఎవరైనా అంటే సమితి పరువేం కావాలి, అది వారి చెయ్యి అయ్యే ప్రశ్నే లేదని ముక్తకంఠంతో చెప్పారు. రావుగారు భార్య వైపు తిరిగారు.

"జానకీ, నువ్వు చెప్పు. ముప్పై రెండేళ్ళు కాపురం చేశావు, నా చెయ్యి నీకు తెలీదా?"

కృష్ణకుమారిగారు ఫోన్ జానకీదేవికిచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. చెయ్యిని ఇంకా పెద్దది చేసింది. నురగ చూసింది, కప్పు చూసింది, మళ్ళీ నురగ చూసింది.

"ఈ చెయ్యిని నేను మా ఇంట్లో ఎప్పుడూ చూళ్ళేదండీ" అంది.