విశాలమైన చీకటికొట్టు

పాత జైలు మ్యూజియంలోని చీకటికొట్టును సందర్శకుల సౌకర్యార్థం విశాలం చేసినట్లు సంరక్షణ సంఘం సంతోషంతో ప్రకటించింది. చీకటి సరిగ్గా కనిపించడం లేదన్న ఫిర్యాదులు రావడంతో నీలం లైట్లు కూడా పెట్టించింది.

ఇందులో సంఘాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. మొన్నమొన్నటి దాకా ఆ జైలు ముఖం చూసినవాడు లేడు. ఈలోగా దాని మీద సినిమా వచ్చింది. కథానాయిక గొలుసులతో నాట్యం చేయాలి కనుక సినిమాలో కొట్టు హాలంత ఉంటుంది. అది చూసి బస్సులు మాట్లాడుకుని వచ్చిన జనం అసలు కొట్టు చూసి మండిపడ్డారు.

"కాళ్లు చాపుకోడానికే చోటు లేదు. ఇదేం చరిత్రండీ?" అని ఒకాయన సంఘాధ్యక్షుణ్ణి పట్టుకుని నిలదీశాడు.

అధ్యక్షుడు సున్నితమనస్కుడు. సిగ్గుతో చితికిపోయి, వారం తిరక్కుండా పక్క కొట్టుకూ దీనికీ మధ్యనున్న గోడ కొట్టించేశాడు. సినిమాకు సెట్లు వేసినాయన్నే పిలిపించి, మిగిలిన గోడలకు పాతదనం పూయించాడు. నెత్తుటి రంగుతో నినాదాలు రాయించాడు. అచ్చుతప్పు ఒక్కటి లేదు.

ప్రారంభోత్సవానికి ఆ జైల్లో నిజంగా మగ్గినవాళ్లెవరైనా ఉంటే నిండుగా ఉంటుందనుకున్నారు. బట్టలమిల్లు సమ్మెలో జైలుకెళ్లినవాళ్లలో ఒక్కావిడ మిగిలి ఉంది. అందరూ మిల్లమ్మ అంటారు. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

మిల్లమ్మ సన్మానం కోసం రాలేదు. ఆ కొట్లో ఆమెతో పాటు ఉన్న స్నేహితురాలు జ్వరంతో అక్కడే పోయింది. పోయేముందు చెంచా మొనతో గోడ మీద తన పేరు గీసుకుంది.

"దానికి సమాధి లేదు, ఫొటో లేదు. ఆ పేరొక్కటేనే. ఓసారి తడిమొస్తాను" అని దారిపొడుగునా మనవరాలితో చెబుతూనే ఉంది.

లోపలికి వెళ్లగానే చెయ్యి చాచింది. చేతికి ఏమీ తగల్లేదు.

"ఇక్కడ గోడుండాలే!"

"మీ త్యాగం ఇరుగ్గా కనిపించకూడదని తీసేయించామమ్మా" అన్నాడు అధ్యక్షుడు వినయంగా.

"దాని మీద నా నేస్తం పేరుందయ్యా."

"ఓ, ఆ గీతలా? మేస్త్రీ చెప్పాడు. మళ్లీ ఎవరూ అలా గోడలు పాడుచేయకుండా బోర్డు పెట్టించాం."

"ఆ రాళ్లేం చేశారు?" అంది మనవరాలు.

"పారేయలేదమ్మా! పార్కింగులో గుంత పూడ్చాం. వచ్చేవాళ్లు కార్లు పెట్టుకోవాలిగా!"

తర్వాత అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "చరిత్రను పుస్తకాల్లో చదివింది చాలు. రండి, చేత్తో తాకండి!" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. కొట్టు పెద్దదయ్యాక మారుమోత బాగా వస్తోంది.

ఫొటోల వేళ మిల్లమ్మ చేతికి గొలుసు తగిలించారు.

"అవ్వా, కాస్త ఏడిస్తే బాగుంటుంది" అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆమె ఏడవలేదు. లేని గోడ వైపే చూస్తూ ఉండిపోయింది. ఇంతటి ఘట్టానికి ఆ ముఖం చాలదని అందరికీ అర్థమైంది. గొలుసు తీసి, సినిమాలో ఖైదీగా వేసిన నటికి తగిలించారు. గొలుసు తగలగానే ఆమె ఏడ్చింది. జనం వరుస కట్టారు.

ఆ సందట్లో మిల్లమ్మ ముడిలోంచి పిన్ను లాగి, కొత్త రంగు మీద స్నేహితురాలి పేరు గీయడం మొదలుపెట్టింది. రెండక్షరాలు పడ్డాయో లేదో కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"బోర్డు కనపడట్లేదా అవ్వా?"

"మా అమ్మమ్మ ఈ కొట్లోనే ఉందండీ!" అంది మనవరాలు.

"అప్పుడు వేరమ్మా. ఇప్పుడిది చారిత్రక కట్టడం" అన్నాడతను మర్యాదగానే. ఇద్దరినీ గేటు దాకా సాగనంపాడు. చీకటి పడేలోపే ఆ రెండక్షరాల మీదా రంగు వేశారు.

ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారు. నటి పక్కన నిలబడి దిగిన ఫొటో చాలా బాగా వచ్చింది. వెనకాల గోడకు ఆనుకుని ఎవరో ముసలావిడ అడ్డొచ్చింది కానీ, ఇప్పుడు ఫోన్లలో ఆ సదుపాయం ఉందిగా, వేలితో రుద్దేశారు. ఎక్కడ చెరిపారో ఇప్పుడు వెతికినా మీకే దొరకదు.