చెయ్యి వెయ్యకుండానే తగ్గిన భుజాలు

ఆ సోమవారం షైలజ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మదనపల్లెలో ఏడున్నర బస్సెక్కాలి. పుంగనూరులో దిగి, పన్నెండు మందిని కూర్చోబెట్టి, కాగితంలో ఉన్న ఇరవై ప్రశ్నలూ అడగాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వాళ్లమ్మ చేసిన చింతచిగురు పప్పు తినాలి. అది రెండువేల ఆరో సంవత్సరం.

షైలజ కుప్పంలో ఫిజియోథెరపీ చివరి సంవత్సరం చదువుతోంది. భుజం నొప్పి ఉన్నవాళ్లు ఏ పని చేయగలరో, ఏది చేయలేరో కొలిచే ఇంగ్లీషు కాగితమొకటి ఉంటే దాన్ని తెలుగు చేసింది. తల దువ్వుకోగలరా, గడ్డం గీసుకోగలరా, వీపు రుద్దుకోగలరా, గంప నెత్తికెత్తుకోగలరా, ఇట్లాంటివి. ఆ తెలుగు కాగితాన్ని నమ్మొచ్చని తేలాలంటే, వైద్యమేమీ చేయకుండా వారం తేడాతో అవే మనుషుల్ని అవే ప్రశ్నలు అడగాలి. భుజం మారలేదు గనక జవాబూ మారకూడదు. మారిందా, కాగితం చెత్తబుట్టకి, షైలజ ఇంకో ఆరు నెలలు కాలేజీకి. ఒక విడత పోయిన సోమవారం అయిపోయింది. ఇది రెండోది.

అద్దెకు తీసుకున్న గదిలోకి మొదట వచ్చినవాడు పెద్దపంజాణి టమాటా రైతు మల్లప్ప. వెంట భార్య మునెమ్మ.

"గంప నెత్తికెత్తుకోగలరా అప్పా?"

"బెమ్మాండంగా ఎత్తతాండానమ్మా."

షైలజ పాత కాగితం తిప్పి చూసింది. "పోయిన వారం బొత్తిగా చేతకాదంటిరే?"

"అది పోయిన వారం. నీ హస్తవాసి మంచిదమ్మా. తగ్గిపాయ."

"నేను మందియ్యలేదు. చెయ్యి కూడా వెయ్యలేదు కదప్పా!"

"వెయ్యకనే ఇంత తగ్గితే, వేస్తే ఎంత తగ్గునో సూడు!"

ఆ పక్క ఊళ్లలో డాక్టరు మొహం మీద తగ్గలేదని చెప్పడమంటే, పెళ్లి పంక్తిలో కూర్చుని సాంబారు బాగాలేదన్నట్టే. మల్లప్ప మర్యాదస్తుడు. తర్వాత వచ్చిన సోమల కుప్పమ్మ అంతకన్నా మర్యాదస్తురాలు. "నాకు పోయిన మంగళవారమే తగ్గిపాయమ్మా" అంది, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని.

అయిదుగురు అయ్యేసరికి అయిదుగురికీ తగ్గింది. ఈ మాట ఎదురుగా ఉన్న టీ అంగడికి పోయింది. పదిన్నరకల్లా వరసలో నలభై మంది నిలబడ్డారు. వాళ్లలో మోకాళ్లవాళ్లున్నారు, ఒక పంటి నొప్పి ఉంది. రామసముద్రం బైరప్ప తలుపు దగ్గర నిలబడి, "కాడి రాసుకోని మా ఎద్దుకి భుజం వాసిండాది. దాన్నీ రెండు మాటలు అడగమ్మా, పుణ్యముంటాది" అన్నాడు.

షైలజకి కళ్లనీళ్లొచ్చాయి. "మీరంతా ఇట్ల చెప్తే నా చదువు పోతాదప్పా. అప్పటి జవాబూ ఇప్పటి జవాబూ ఒకటే ఉండాల."

మల్లప్ప గుండె కరిగింది. గది ముందరి అరుగు మీదికి పోయి, ఆ పన్నెండు మందిలో మిగతావాళ్లని పోగేశాడు. "పాపం, బిడ్డ ఏడస్తా ఉండాది. జవాబులన్నీ ఒకటే ఉండాలంట. పోయిన వారం మీరేం చెప్తిరి?"

ఎవరికీ గుర్తు లేదు.

"నేనిప్పుడు లోపల చెప్పినవి నాకు గుర్తుండాయి. అందరూ అవే చెప్పండి. తేడా యాడ వస్తాదో సూస్తాం."

ఆ తర్వాత జవాబులన్నీ గుండ్రాళ్లలా ఒకే తీరున వచ్చాయి. కుప్పమ్మ కూడా మళ్లీ లోపలికొచ్చి, తన కాగితం దిద్దించుకుని పోయింది.

పదకొండింటికి దయానందం సారు కుప్పం నుంచి దిగాడు. షైలజ పనికి సంతకం పెట్టాల్సింది ఆయనే. కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి, "కుప్పమ్మ రోజు మార్చి రోజు గడ్డం గీసుకుంటాదా అమ్మా?" అని అడిగాడు.

షైలజ తల వంచుకుని జరిగిందంతా చెప్పింది. సారు అరుగు మీదికొచ్చి, "నొప్పి తగ్గినోళ్లు ఆ చెయ్యే పైకెత్తండి" అన్నాడు.

పన్నెండు చేతులు లేచాయి. ఒక్కటీ చెవి దాటలేదు. మొహాలు వంకర్లు పోయాయి గానీ, నవ్వులు మాత్రం చెదరలేదు.

మునెమ్మ ఇంక ఆగలేకపోయింది. "తగ్గిందంట, తగ్గింది! పొద్దున నీకు తల దువ్వింది ఎవురు? చొక్కా తొడిగింది ఎవురు?" అని మొగుడి మీదికి లేచి, అదే ఊపులో పక్కకి తిరిగింది. "నువ్వు సెప్పు కుప్పమ్మా, నిన్న గంప ఎత్తితివా?"

"యాడమ్మా! పక్కింటామె ఎత్తె. నా చెయ్యి ఈడికే రాదే!"

షైలజ తలెత్తింది. అది కుప్పమ్మ పోయిన వారం చెప్పిన జవాబే.

మునెమ్మ అయిదో తరగతి దాకా చదివింది. సారు ఆమెకి కొత్త కాగితాలిచ్చి, ఒక్క మాట కూడా మార్చకుండా చదవమన్నాడు. షైలజని తలుపు చాటున కూర్చోబెట్టాడు. మునెమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని అడిగింది. ఆమె దగ్గర మర్యాద పాటించాల్సిన పని ఎవరికీ లేదు. కష్టాలన్నీ వరసగా బయటపడ్డాయి. మల్లప్ప ఒక్కడే కాస్త నసిగాడు. మునెమ్మ కాగితం దించి చూసింది. వెంటనే నిజం చెప్పాడు.

లెక్క చూస్తే పన్నెండు మందివీ పోయిన వారంతో సరిపోయాయి.

"అడిగే మనిషి మారినా జవాబు మారలేదంటే, కాగితం నేననుకున్నదానికంటే గట్టిది" అని దయానందం సారు అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

రిపోర్టులో రెండోసారి పరీక్షించినవారి పేరు, అర్హత రాయాలి. షైలజ మునెమ్మ పేరు రాసి, అర్హత దగ్గర ఆగి సారు వైపు చూసింది.

"ఉన్నదే రాయమ్మా" అన్నాడాయన.

షైలజ "మల్లప్ప భార్య" అని రాసింది.