ఆపదలో పిలవాల్సిన మనిషి

ఆ రోజు ఉదయం వద్దమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా ఐదు ఫైళ్లు తిప్పి పంపడం, మధ్యాహ్నం కూతురితో కలిసి అన్నం తినడం, ఆ కూతురి విదేశీ ప్రయాణానికి సాయంత్రం ఐదులోపు అనుమతి వస్తుందో రాదో తనకేమీ పట్టనట్టు కూర్చోవడం. మూడోదే కష్టం.

చదువు పనిమీద విదేశాలకు వెళ్లే విద్యార్థుల భద్రత చూసే గది విశ్వవిద్యాలయంలో మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. ఉన్నవి రెండు బల్లలు. ఒకదాని వెనక ఆవిడ, రెండోదాని వెనక రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గుమాస్తా. వచ్చిన ప్రతి దరఖాస్తూ "ఇలా వద్దు, మళ్లీ రాసుకు రండి" అన్న మాటతో వెనక్కి వెళ్లేది కాబట్టి పిల్లలు ఆవిడకు వద్దమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఏమీ అనుకునేది కాదు.

ఆవిడ మొదట్నుంచీ అలాంటి మనిషి కాదు. తొమ్మిదేళ్ల కిందట ఆవిడ సంతకంతో ఏదో కొండల దేశానికి వెళ్లిన ఒక కుర్రాడు, బస్సు లోయలో పడి చనిపోయాడు. ఇంటికి కబురు చెప్పే పని ఆవిడ నెత్తిన పడింది. ఫోనెత్తి కబురు విన్న తల్లి "ఒక్క నిమిషం ఉండండమ్మా, పొయ్యి మీద పాలున్నాయి" అని లోపలికి వెళ్లింది. ఆ నిమిషమంతా ఆవిడ ఫోను పట్టుకుని నిలబడింది. అప్పట్నుంచే నిబంధనలు పెరగసాగాయి. టీకాలు, బీమా, రోజుకో క్షేమ సందేశం, చివరికి పంతొమ్మిదో నిబంధన.

ఆపద వస్తే ఎవరిని పిలవాలో విద్యార్థి దరఖాస్తులో రాస్తాడు. ఆ మనిషికి చెప్పాపెట్టకుండా ఫోను చేసి, "మీ పిల్లకు ప్రమాదం జరిగింది" అనాలి. అవతలి మనిషి నాలుగు ప్రశ్నలు అడగాలి: ఎక్కడ, ఏ ఆసుపత్రి, స్పృహలో ఉందా, ఎవరితో మాట్లాడాలి. అన్నీ అయ్యాకే "ఇది పరీక్ష మాత్రమే" అని చెప్పాలి. ముందే చెప్పేస్తే ఇక పరీక్షేముందని వాదించి, ఆ వాక్యాన్ని చివర పెట్టించింది వద్దమ్మే.

కూతురిది నదులు సముద్రంలో కలిసేచోట పేరుకునే ఒండ్రు మీద పరిశోధన. పదహారు వారాలు వేరే దేశంలో ఉండాలి. ఇంట్లో ఉన్నది తల్లీకూతుళ్లిద్దరే కాబట్టి తల్లి పేరే రాసింది. సొంత బిడ్డ ఫైలు తల్లి చూడకూడదని దాన్ని సెక్యూరిటీ ఆఫీసరుకు అప్పగించారు. ఆయన మాజీ సైనికుడు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేస్తాడు.

పదీ ఇరవైకి ఫోను మోగింది. కూతురు టీకా కోసం యూనివర్సిటీ వైద్యశాలకు వెళ్లి అప్పటికి అరగంటైంది. గుమాస్తా ముద్రలు వేయించడానికి పక్క భవనంలో ఉన్నాడు.

"విశ్వవిద్యాలయం నుంచి మాట్లాడుతున్నాం. మీ అమ్మాయికి ప్రమాదం జరిగింది."

ఇంకో రోజైతే ఆవిడ ఆ గొంతునీ, ఆ వాక్యాన్నీ గుర్తుపట్టేదే. ఆ వాక్యం రాసింది తనే.

"ఒక్క నిమిషం ఉండండి" అంది. ఫోను బల్ల మీద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. ఆఫీసరు సరిగ్గా ఒక నిమిషం ఆగాడు. తర్వాత మిగతా వాక్యాలు వరసగా చదివి, ఇది పరీక్ష మాత్రమేనని ఖాళీ కుర్చీకి తెలియజేసి పెట్టేశాడు.

"మా అమ్మాయికి ఏదో అయింది" అని గుమ్మం దగ్గరి వాచ్‌మన్‌తో అని వద్దమ్మ వైద్యశాలకు పరుగుతీసింది. వాచ్‌మన్ అంబులెన్సుకు ఫోను చేసి, ఆనక అమ్మాయి చదివే విభాగానికీ చేశాడు.

"దెబ్బలు తగిలిన పిల్లనెవర్నీ ఇక్కడికి తేలేదండీ. గట్టి దెబ్బలైతే పెద్దాసుపత్రికే తీసుకెళ్తారు" అంది నర్సు. టీకా వేయించుకుని నవ్వుతూ జెరాక్సు కొట్టుకు వెళ్లిన పిల్ల గురించి ఆవిడ అడగలేదు, నర్సు చెప్పలేదు. వద్దమ్మ రోడ్డు మీద కనిపించిన మొదటి ఆటో ఎక్కేసింది.

కూతురు గదికి తిరిగొచ్చేసరికి బల్ల మీద ఫోనుంది, బల్ల కింద చెప్పులున్నాయి, మనిషి లేదు. అంతలో వాచ్‌మన్ టీ తాగడానికి వెళ్లి, అతని చోట ఇంకొకతను నిలబడి ఉన్నాడు. "ఎవరికో ప్రమాదమటమ్మా. మేడమ్‌గారి కోసమే అంబులెన్సు వచ్చింది" అన్నాడతను. కూతురు వెళ్లి అంబులెన్సు ఎక్కింది.

"పేషెంటు ఎవరమ్మా?" అన్నాడు డ్రైవరు.

"మా అమ్మ."

"ఎక్కడున్నారు?"

"తెలీదు. ముందు పెద్దాసుపత్రికి పోనివ్వండి."

పెద్దాసుపత్రి మెట్ల మీద నిలబడి కనిపించిన ప్రతి తెల్లకోటునూ ఆపుతున్న వద్దమ్మకు, అంబులెన్సులోంచి దిగుతున్న కూతురు కనిపించింది. అడుగు ముందుకు వేయబోయి, మూడు మెట్లు ఒకేసారి దిగింది. ఎడమ మణికట్టు విరిగింది. ఆ విధంగా అంబులెన్సుకు పేషెంటు దొరికింది. విభాగం నుంచి రక్తమివ్వడానికి బస్సులో వచ్చిన పద్దెనిమిది మందిని, ఎలాగూ వచ్చారు కదా అని, ఆసుపత్రివాళ్లు ఊరికే పంపలేదు.

నాలుగింటికి సెక్యూరిటీ ఆఫీసరు వార్డుకు వచ్చాడు. చేతిలో కాగితం, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అడగాల్సినవి నాలుగు. మీరడిగినవి సున్నా, మేడమ్. మధ్యలో ఫోను వదిలేశారు." గొంతు తగ్గించాడు. "మీరు సరేనంటే పాసని రాసేస్తాను."

ఆవిడ కట్టు కట్టిన చేతికేసి చూసుకుంది. ఫెయిలైతే కూతురు ఎక్కడికీ వెళ్లదు, తన కళ్ల ముందే ఉంటుంది. పాపం తనదని ఎవరూ అనలేరు. నాలుగు నెలలుగా లోపల్లోపల కోరుకుంటున్నది అదే. పైగా తొమ్మిదేళ్లుగా, పాలున్నాయన్న ఆ తల్లి ప్రశ్నలేవీ అడగకపోవడమే తప్పన్నట్టు ఈ నిబంధన రాసి పెట్టుకుంది. అడిగేందుకు నోరు రాదని ఆవిడకు ఇవాళే తెలిసింది.

"ఫెయిలే రాయండి" అంది.

కూతురు మొహం గోడవైపు తిప్పుకుంది. "నువ్వు పంపవని నాకు ముందే తెలుసమ్మా."

"నన్ను పూర్తిగా చెప్పనీ. పిలవాల్సిన మనిషిని మార్చుకోవచ్చు. అదీ ఆ నిబంధనలోనే రాసుంది." ఆఫీసరుకేసి తిరిగింది. "మా గుమాస్తాగారికి చేయండి. బయట వరండాలోనే ఉన్నారు. చెప్పకుండా చేయండి."

ఆఫీసరు ఫోను కలిపి, అమ్మాయికి ప్రమాదం జరిగిందన్నాడు. తలుపవతల నుంచి గుమాస్తా గొంతు, జీతాల బిల్లు చదివినట్టు, తాపీగా వినిపించింది.

"ఎక్కడండీ? ఏ ఆసుపత్రి? స్పృహలో ఉందా? ఎవరితో మాట్లాడాలి? ఫైలు నంబరు కూడా చెప్పండి, రాసుకుంటా."

ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా ఫైలు మీద అనుమతి ముద్ర పడింది. కూతురు తల్లి మంచి చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ వారంలోనే ప్రయాణమైంది.

ఆ పదహారు వారాలూ గుమాస్తా ఫోను రోజుకు నాలుగైదుసార్లు మోగింది. ఒక్కటీ విదేశం నుంచి కాదు, అన్నీ పక్క బల్ల నుంచే.