మతిమరుపు లేని తలుపు

పెట్టె సర్దడం తెల్లవారకముందే మొదలైంది. ప్రయాణం కూతురిది, సర్దుడు తల్లిది. నాలుగు రోజుల ప్రయాణానికి నాలుగు నెలలకు సరిపడా బట్టలు పెట్టి, వాటి మీద గొడుగు, వేడినీళ్ల సంచి, దగ్గు మందు, తలనొప్పి మందు, ఆ రెండూ పడకపోతే వేసుకోవలసిన మూడో మందు పెట్టి, ఇంకా ఏదో వెలితిగా ఉందని గదంతా కలియజూసింది పెద్దావిడ.

"అమ్మా, నేను వెళ్తున్నది మీటింగుకి. కాపురానికి కాదు," అంది కూతురు తల దువ్వుకుంటూ.

"కాపురానికైతే ఇంత బెంగ ఉండేది కాదే. అల్లుణ్ని నిలదీయొచ్చు. ఆఫీసునెవరు నిలదీస్తారు?"

ఇంటి సామాన్లకు కొత్త రూపాలు కనిపెట్టడం కూతురి ఉద్యోగం. ఆమె పనిచేసే కంపెనీ వాటిని రేపటి వస్తువులంటుంది. పాలు పొంగబోతుంటే దగ్గే గిన్నె, కూర్చున్నవాళ్లను మెల్లగా లేపి నిలబెట్టే కుర్చీ, తడిస్తే తనను తానే విదిలించుకునే గొడుగు. అన్నీ ముందు ఈ ఇంటికే వచ్చి, ఈ ఇంట్లోనే పాడై, ఆ తర్వాత కంపెనీ పుస్తకాల్లో అందమైన బొమ్మలుగా మిగిలిపోయేవి. కుర్చీ అయితే ఒకసారి పెద్దావిడను లేపి నిలబెట్టి, ఆవిడ కూర్చోబోయిన ప్రతిసారీ మళ్లీ లేపింది. ఆ పూటంతా ఆవిడ నిలబడే అన్నం తింది.

ఇప్పుడు వచ్చింది తలుపు. మొదటి అంతస్తులోని వాళ్ల ఇంటి వీధి తలుపు తీసేసి దీన్ని బిగించారు. ప్రయాణమయ్యేవాళ్లు వెంట తీసుకుపోవలసిన వస్తువులకు గోరంత బిళ్లలు అంటించాలి. బిళ్ల అంటిన వస్తువులన్నీ చేయి చాచినంత దూరంలోకి వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒక్కటి తగ్గినా తెరుచుకోదు. కూతురు ఈ పథకం బొమ్మలు పట్టుకుని, మేనేజరుతో కలిసి దూరపు ఊళ్లోని పెద్ద ఆఫీసుకు వెళ్తోంది.

"నచ్చితే నిన్నక్కడే ఉండిపొమ్మంటారేమో," అంది పెద్దావిడ, పదోసారి జిప్పు లాగుతూ.

"శుక్రవారం సాయంత్రానికి ఇక్కడుంటాను. నువ్వే చూస్తావుగా."

పెద్దావిడ పదకొండోసారి జిప్పు లాగింది. ఆవిడ అన్నను ఒకసారి, భర్తను ఒకసారి గుమ్మంలో నిలబడి సాగనంపింది. ఇద్దరూ తిరిగి రాలేదు. ఆనాటి నుంచి ఇంట్లో ఎవరైనా చెప్పులు తొడుక్కుంటున్నారంటే ఆవిడ వంటింట్లోకి పోయి కొళాయి తిప్పేస్తుంది. నీళ్ల చప్పుడులో తలుపు చప్పుడు వినిపించదు. ఆ రోజూ అంతే చేసింది. అయితే ఆ రోజు నీళ్ల చప్పుడును మించి కూతురి గొంతు రెండుసార్లు వినిపించింది. ఒకటి కూతురి నోటి నుంచి, రెండోది తలుపు నుంచి. తలుపుకు ఆమె తన గొంతే పెట్టింది.

"ఒకటి మరిచిపోయారు," అంది తలుపు, చాలా మర్యాదగా.

"ఏం మరిచిపోయాను? అన్నీ ఉన్నాయిగా," అంది కూతురు.

"ఒకటి మరిచిపోయారు."

"అమ్మా, నువ్వు దేనికంటించావు బిళ్లలు?"

"నువ్వు చెప్పిన వాటికేనే," అంది పెద్దావిడ వంటింట్లోంచి. "కాస్త గొడుక్కి కూడా. అదేం మరిచిపోయామో అదే చెప్పొచ్చుగా?"

"అది వచ్చే మోడల్లో."

"పోనీ లోపల గొళ్లెం?"

"గొళ్లెం పెడితే ఇక కొత్తదనం ఏముంటుందమ్మా?"

"కరెంటు తీసేస్తే?"

"బ్యాటరీ ఉంది. చాలా మంచి బ్యాటరీ," అంది కూతురు దిగులుగా. "బయటి నుంచైతే నా వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది."

"నీ వేలు లోపలుంది కదే."

కూతురు తన వేలివంక చూసుకుని, పెట్టెలోని సామానంతా హాల్లో కుమ్మరించింది. గొడుగుకు బిళ్ల ఉంది. మందులకు ఉంది. కళ్లద్దాల డబ్బాకు ఉంది. అన్నిటినీ గుమ్మం ముందు సంతలో పెట్టినట్టు పరిచింది. తలుపు మనసు కరగలేదు. మంచాల కిందా, సోఫా సందుల్లోనూ వెతికింది. అక్కడ కిందటేడు పోయిన దువ్వెన దొరికింది గానీ బిళ్ల దొరకలేదు.

ఈ హడావుడి కింది వాటాలో ఉండే సలహాల బాబాయి చెవిన పడింది. అడిగినవాళ్లకు ఒకటి, అడగనివాళ్లకు రెండు సలహాలిస్తాడని ఆయనకు ఆ పేరు. ఆయన వీధిలోకి వచ్చి, పైకి చూసి, సంగతి విని, క్షణం ఆలోచించకుండా వడ్రంగిని పిలుచుకొచ్చాడు. వడ్రంగి నిచ్చెన వేసి, వంటింటి కిటికీ ఊచల చట్రం మొత్తం ఊడదీసి లోపలికి దిగాడు.

"తలుపు బందులు విప్పేస్తే పోతుందమ్మగారూ. చిటికెలో పని," అని హాల్లోకి వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. "బందులేవమ్మగారూ?"

"కనబడకూడదని గోడలోకి పెట్టాను. అందం కోసం," అంది కూతురు.

"అందంగానే ఉంది," ఒప్పుకున్నాడు వడ్రంగి. "దానికి పెద్ద మిషను కావాలి. కొట్లో ఉండిపోయింది."

కింద నిలబడి సలహాలివ్వడం బాబాయికి చాలలేదు. సలహా వినబడడం వేరు, దగ్గరుండి చెప్పడం వేరు. ఆయన కూడా నిచ్చెన ఎక్కి వచ్చాడు. "అక్కయ్యగారూ, టీ ఉందా?" అంటూ వంటింట్లో కూర్చున్నాడు.

పెద్దావిడ టీ పెట్టింది. నిజం చెప్పాలంటే ఆవిడ ప్రాణం అప్పుడు కుదుటపడింది. ఇంటికి వచ్చినవాళ్లెవరూ బయటికి పోలేని ఇల్లు. ఇలాంటి వస్తువు కనిపెట్టిన కూతుర్ని ఇన్నాళ్లూ అనవసరంగా ఆడిపోసుకున్నాననుకుంది.

సరిగ్గా అప్పుడే మేనేజరు కారు వచ్చి కిటికీ కింద ఆగింది. ఆయన భారీ మనిషి. కింద నిలబడి సంగతంతా విని, "ఫైర్ వాళ్లకి మాత్రం ఫోన్ చెయ్యకండి. పేపర్లో పడితే కంపెనీ పరువు పోతుంది. నేను చూస్తాను," అని, నిచ్చెన దిగి బయటి నుంచి వేలానిద్దామని కిటికీ దగ్గరికొచ్చిన కూతుర్ని ఆగమని, తనే నిచ్చెన ఎక్కాడు. ఆయన రెండు కాళ్లూ కిటికీలోపల పెట్టేశాక, ఇంతసేపూ ఓర్చుకున్న నిచ్చెన నడుము విరిగి రెండు ముక్కలై ఆయన కారు మీద పడింది. కారు అరవడం మొదలెట్టింది.

"నేనే చేశాను సార్ ఆ నిచ్చెన," అన్నాడు వడ్రంగి బాధగా. "సన్నపాటి మనుషుల కోసం చేశాను."

తలుపును ఎవరి పద్ధతిలో వాళ్లు ప్రయత్నించారు. మేనేజరు ఆజ్ఞాపించాడు. బాబాయి బతిమాలాడు. వడ్రంగి చెవి ఆనించి కొట్టి చూశాడు. అందరికీ అది ఒకే సమాధానం, అదే మర్యాదతో చెప్పింది.

"నీ గొంతు ఇంత విసుగు పుట్టిస్తుందని నాకిన్నాళ్లూ తెలీదమ్మాయ్," అన్నాడు మేనేజరు.

"నాకూ తెలీదు సార్," అంది కూతురు.

రైలు వెళ్లిపోయే వేళ దాటింది. కారు అరిచి అరిచి ఊరుకుంది. టీ పొడి అయిపోయింది. ఉన్న ఒక్క స్నానాలగదిలోకి బాబాయి వెళ్లి, తలుపు బయట నిలబడ్డ మేనేజరుకు లోపలి నుంచే ఆరోగ్య సూత్రాలు చెబుతున్నాడు. వడ్రంగి చేయడానికి పనేమీ లేక, ఊరికే కూర్చోలేక, నిక్షేపంలా ఉన్న భోజనాల బల్ల కాళ్లు ఊడదీసి మళ్లీ బిగించాడు. ఈసారి అది ఊగుతోంది. మేనేజరు నడుం వాల్చుకుంటానంటూ పోయి పెద్దావిడ మంచం మీద బూట్లతో సహా వాలాడు.

పెద్దావిడ ఆ బూట్లు చూసింది. ఊగుతున్న బల్లను చూసింది. ఎవరినీ వదిలి ఉండలేని ఆవిడ మనసు ఒక్కసారిగా అటునుంచి ఇటు తిరిగింది. చేతిలో గరిటెతో హాల్లోకి వచ్చింది.

"లేవండి. అందరూ లేవండి. మనుషులన్నాక వెళ్లాలి. వెళ్లకపోతే వచ్చిన సుఖం ఏముంది? చిన్నీ, పెట్టె పట్టుకో. బాబూ, మీరు ఆ బూట్లతో సహా బయటికి నడవండి. నేను తోస్తాను ఈ తలుపుని, ఎలా రాదో చూస్తాను."

అందరినీ తోసుకుంటూ పోయి, గరిటె ఎత్తి, తలుపు ముందు నిలబడింది.

"అన్నీ ఉన్నాయి. క్షేమంగా వెళ్లి రండి," అంది తలుపు. హాయిగా తెరుచుకుంది.

ఎవరూ కదల్లేదు. కూతురు తల్లిని భుజాలు పట్టి అటు తిప్పింది. చీర వెనక, నడుము కిందుగా, గోరంత బిళ్ల. పెట్టె సర్దేటప్పుడు ఆవిడ ఆ బిళ్లల కాగితం మీదే కూర్చుంది. ఆ తర్వాత పొద్దుట్నుంచీ గుమ్మం ఛాయలకు రాలేదు.

"ఇంతసేపూ అది అడిగింది నిన్నేనమ్మా," అంది కూతురు.

పెద్దావిడ గరిటె దించింది. "మరి పేరు పెట్టి పిలవచ్చుగా," అంది మెల్లగా.

మేనేజరు గుమ్మంలో నిలబడిపోయాడు. "వస్తువులకని చేశాం. ఇది మనిషిని కూడా వదిలిపెట్టట్లేదు. అమ్మాయ్, దీన్ని బడి బస్సుకి పెడితే? పిల్లల చొక్కాకో బిళ్ల. లోపల ఒక్క పిల్ల నిద్రపోతూ మిగిలినా బస్సు తాళం పడదు."

కూతురు అప్పటికే పెన్సిల్ తీసింది. మధ్యాహ్నం ఇంకో రైలు ఉంది. పెద్దావిడ అలవాటు ప్రకారం వంటింటివైపు ఒక అడుగు వేసింది. తలుపు మూసుకోవడం మొదలెట్టింది.

"అమ్మా, కదలకు. ఆ బిళ్ల పీకితే ఇక పనిచెయ్యదు. నువ్వు పక్కకి పోతే మళ్లీ మొదటికొస్తుంది. మేమందరం దాటేదాకా ఇక్కడే నిలబడు. నేను బయటికెళ్లి వేలానించి దీన్ని మామూలు తలుపుగా మార్చేస్తాను."

తప్పలేదు. వడ్రంగి దాటాడు, బాబాయి ఇంకో సలహా ఇస్తూ దాటాడు, మేనేజరు కాస్త ఒరుసుకుంటూ దాటాడు. చివరికి పెట్టె, దాని వెనక కూతురు. పెద్దావిడ గుమ్మంలో నిలబడి చూసింది. కొళాయి చప్పుడు లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒక్కొక్కటే, కిందిదాకా వినబడింది.

"వెళ్లిరా," అంది ఆవిడ. 

శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టకముందే కూతురు వచ్చింది. బస్సు తలుపు పని తనకే అప్పగించారని, దాన్ని ఇక్కడి ఆఫీసు నుంచే చెయ్యొచ్చని చెప్పింది. వెనకాలే మేనేజరు కూడా పైకొచ్చాడు. ఆ రోజు ఆవిడ మంచం మీద కళ్లజోడు మరిచిపోయాడట. టీ వాసనకు బాబాయి వచ్చాడు. పెద్దావిడ లోలోపలే అందరినీ లెక్కచూసుకుని, ఊపిరి పీల్చుకుని, నీళ్లు ఎక్కువ పోసి టీ పెట్టింది.

భోంచేసి వచ్చి కిటికీ బిగిస్తానని సోమవారం మధ్యాహ్నం వెళ్లిన వడ్రంగి మాత్రం మళ్లీ రాలేదు.