కుకీకి ఇద్దరు సాక్షులు

ఆ పూట ముబీనా పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం లండన్ నుంచి ఫోనొచ్చేలోగా సమ్మతుల రికార్డు సరిచూసుకోవాలి. భవానీపురంలో ఆమె పనిచేసే పెళ్ళిసంబంధాల వెబ్‌సైట్‌కి లండన్‌లో ఇశ్రాయేలు అనే భాగస్వామి ఉన్నాడు. సైటు చూసేవాళ్ళ కంప్యూటర్‌లో కుకీ అనే గుర్తు పెట్టేముందు వాళ్ళ ఒప్పుదల అడగాలనీ, ఒప్పుకున్నట్టు రుజువు దాచాలనీ అతని పట్టు. ఈ గండం గట్టెక్కితేనే ముబీనా ఉద్యోగం ఖాయం.

ఆమె వారం కిందటే 'సమ్మతమే' అని బటన్ పెట్టింది. నొక్కగానే పేరూ వేళా కంప్యూటరే రాసుకుంటుంది. అక్కడితో ఆగితే కథే లేదు. యజమాని అచ్యుతరామారావుగారు ఉద్యోగమంతా రిజిస్ట్రార్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషాయె!

"బటన్ నొక్కితే సమ్మతేంటమ్మా? రేపు పిల్లి నొక్కిందంటాడు! ఇద్దరు సాక్షులుండాలి."

"ఇంటర్నెట్‌లో సాక్షులెక్కడ దొరుకుతారండీ?"

"పేర్లూ ఫోన్ నంబర్లూ రాయమను. మనం ఫోన్ చేసి కనుక్కుందాం."

సాక్షుల గడులు చూసి, వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోయారు. చివరికి రికార్డుకెక్కింది ఒకే ఒక్క పేరు. అదీ, ఎలా నింపాలో చూపిస్తానంటూ అయ్యగారు స్వయంగా నింపిన తన పేరే. సాక్షులు చల్లపల్లి బావమరిది, కంకిపాడు తోడల్లుడు. సొంతవాళ్ళే కదా అని వాళ్ళకి ముందు చెప్పనైనా లేదు.

"దీనిక్కూడా ఫోన్ చెయ్యాలాండీ?"

"నాకో రూలు, ఊరికో రూలా? రాసింది రాసినట్టు చదువు."

ముబీనా చల్లపల్లికి ఫోన్ కలిపింది. "అచ్యుతరామారావుగారు, వయసు అరవై రెండు, మా పెళ్ళిసంబంధాల సైటులో మనస్ఫూర్తిగా సమ్మతి తెలిపారండీ. దానికి మీరు సాక్షి. అవునంటారా?"

"మా అక్క నిక్షేపంలా ఉందిగదమ్మా!" అని బావమరిది ఫోన్ పెట్టేశాడు. తోడల్లుడైతే "ఎన్నాళ్ళనుంచీ?" అని మాత్రం అడిగాడు.

అయ్యగారు లండన్ ఫోన్ ఎత్తేసరికి వాకిట్లో ఆటో ఆగింది. ఆయన భార్య హైమవతిగారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏవండీ, ఈ వయసులో సంబంధాలు కావాల్సొచ్చాయా? పైగా మా తమ్ముణ్ణే సాక్షి పెడతారా?"

"అయ్యయ్యో, నేనేం సమ్మతించలేదే! అమ్మాయ్, కొట్టెయ్ నా పేరు! నా సమ్మతి రద్దు!" రిసీవర్ ఆయన చేతిలోనే ఉంది.

ముబీనా వెంటనే ఆ పేరు రద్దు చేసి, వేళ నమోదు చేసింది. ఉద్యోగం గంగలో కలిసిందని ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

రిసీవర్‌లో ఇశ్రాయేలు కేక వినిపించింది. "భలే! ఒప్పుకున్నవాళ్ళ రికార్డు అందరూ చూపిస్తారండీ. వద్దన్న క్షణంలో రద్దు చేసి చూపించింది మీరే! ఇక్కడ నా కంప్యూటర్‌లో కళ్ళారా చూశాను. ఆ అమ్మాయిని వదులుకోకండి. ఆ సాక్షుల గోల మాత్రం తీసేయండి."

సాయంత్రానికి ముబీనా ఉద్యోగం ఖాయమైంది, సాక్షుల గడులు పోయాయి. అయ్యగారి రద్దుకి మాత్రం సాక్షి సంతకం ఉండాల్సిందేనని హైమవతిగారు కాగితం తీయించి, ఆ సంతకం తానే పెట్టారు.