రెడ్ వైన్స్‌కు దారి ఇటు

ఏ గిటారు వింటూ ఏ ఎర్ర వైన్ తాగాలో తెలియకపోవడం వల్లే మన ఆర్మూర్ ఇన్నేళ్లూ వెనకబడిపోయింది! రోడ్లు, నీళ్లు, పసుపు రేటు అంటూ మనం అనవసరంగా ఎవరెవరినో తిట్టుకున్నాం. అసలు లోపమంతా మన చెవికీ నాలుకకూ పొత్తు కుదరకపోవడంలో ఉంది.

ఈ సంగతి నాకు పోయిన ఆదివారం సాయంత్రం తెలిసింది. జక్రాన్‌పల్లి దాటాక హైవే పక్కన జితేందర్ గారు కొత్తగా కట్టిన రిసార్టులో 'రెడ్ వైన్స్, బ్లూస్ అండ్ రాక్' అనే కార్యక్రమం పెట్టారు. నాకు ఉచితంగా పాస్ పంపించారు. అందుకే ఏ పక్షపాతమూ లేకుండా రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణుడు ఒకాయన మైకు పట్టుకుని మాకు పాఠం చెప్పాడు. పక్కన ఒక కుర్చీలో గిటారిస్టు. బ్లూస్ అంటే దుఃఖమట. అమెరికాలో పత్తి చేన్లలో కూలి చేసినవాళ్ల ఏడుపు గిటారు తీగల మీదికి ఎక్కిందట. దానికి చిక్కటి వైన్ కావాలి. పల్చటిది తాగితే ఏడుపు సరిగా దిగదు! రాక్ అంటే కోపం. దానికి నాలుక పీక్కుపోయేంత వగరు వైన్ ఉండాలి. మరి గిటారును స్టేజీ మీదే విరగ్గొట్టే మహానుభావులకు ఏ వైన్ అని నేను అడిగాను. ఆయన నవ్వి తర్వాతి సీసా మూత తీశాడు. సీసా మందంగా ఉన్నదైతే మంచిదని నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

అయినా రాక్ మనకు కొత్తా? సిద్ధులగుట్ట నీడలో పుట్టి పెరిగినవాళ్లం! ఎటు చూసినా బండ మీద బండ. ఇంత రాక్ ఊళ్లో పెట్టుకుని ఇన్నాళ్లూ దానికి ఒక్క గ్లాసు జోడీ చేయలేదంటే నాకు సిగ్గుగా ఉంది. పసుపు పాలిష్ డ్రమ్ము గడగడా తిరుగుతుంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేశామే తప్ప, ఆ చప్పుడుకు ఏ ఊరి ద్రాక్ష నప్పుతుందో ఒక్కనాడైనా ఆలోచించామా?

రిజర్వాయర్ పక్కనున్న మెండోర వాళ్ల సంగతి ఇంకా ఘోరం. చేపకు ఎర్ర వైన్ పనికిరాదట, తెల్లదే తాగాలట. తాతల నాటి నుంచి చేపల పులుసు తిని, చేతికందిన కల్లు తాగి, హాయిగా పడుకున్న జనం. ఎంత నేరం చేస్తున్నారో వాళ్లకు తెలియనే తెలియదు!

ఇక రుచి చూసే పద్ధతి. గ్లాసును గుండ్రంగా తిప్పాలి. ముక్కు లోపల పెట్టాలి. ఒక గుక్క తీసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పాలి. చివరికి పక్కనున్న స్టీలు బకెట్లో ఉమ్మేయాలి. అవును, ఉమ్మేయాలి! మింగితే నాలుక తీర్పు చెప్పలేదట.

"ఇందులో తడిమట్టి ఉంది, పాత తోలు ఉంది, పొగాకు ఉంది" అన్నాడు నిపుణుడు కళ్లు మూసుకుని. ఇరవై ఏళ్లు మార్కెట్ యార్డులో పసుపు కొమ్ము విరిచి వాసన చూసిన ముక్కు నాది. దానికి మాత్రం చిన్నప్పటి దగ్గు మందు తప్ప ఏమీ తగల్లేదు. అయినా అందరితో పాటు తల ఊపాను. కల్చర్ అంటే తల ఊపడమే కదా!

అంతా సవ్యంగా సాగుతుండగా ఫ్లెక్సీ వల్ల చిన్న పొరపాటు జరిగింది. జితేందర్ గారు దాన్ని ఆర్మూర్ చౌరస్తాలో కట్టించారు. 'రెడ్ వైన్స్‌కు దారి ఇటు' అని పెద్ద అక్షరాలు, కింద బాణం గుర్తు. గిటారు బొమ్మ ఒక మూలన నిమ్మకాయంత ఉంది. మన దగ్గర 'వైన్స్' అంటే ఏమిటో నేను చెప్పాలా? వైన్ తప్ప అన్నీ దొరికే దుకాణం! రెడ్ వైన్స్ పేరుతో కొత్త మందు దుకాణం తెరుస్తున్నారని ఊరంతా అనుకుంది. మగవాళ్లు కొందరు బాణం చూపిన దారిన వచ్చి, గిటారు చూసి, నిరాశగా వెనక్కి వెళ్లారు. ఆడవాళ్లు ముప్పై మంది ఆటోల్లో దిగి, చీపుళ్లు పట్టుకుని లోపలికి వచ్చారు.

ముందున్నది భాగ్యవ్వ. బీడీలు చుట్టి ఇల్లు నడిపే మనిషి. ఆమె గల్లీ మొదట్లో ఇప్పటికే ఒక వైన్స్ ఉంది. ఆమె ఇంటాయన లక్ష్మీరాజం ఒక్క రోజు కూడా తప్పకుండా అక్కడ హాజరు వేయించుకుంటాడు. అది వాళ్ల ఇంటి బాధ అనుకుందాం. కానీ బిడ్డ వర్షిత ఇంటర్ చదువుతోంది. సాయంత్రం కాలేజీ బస్సు దిగి ఆ దుకాణం ముందు నుంచే నడిచి ఇంటికి రావాలి. అక్కడ నిలబడేవాళ్లు ఆ పిల్లను అనే మాటలు నేను పత్రికలో రాయలేను. పది రోజులుగా వర్షిత కాలేజీ మానేసింది. దుకాణం అక్కణ్నుంచి జరపమని భాగ్యవ్వ నాలుగు అర్జీలు పెట్టుకుంది. ఉన్నదాన్నే తీయమంటే ఇంకొకటి తెస్తున్నారా అన్నది ఆమె కోపం.

ఆ అర్జీలు చూడవలసిన పెద్దమనిషి ముందు వరుసలోనే ఉన్నాడు. అప్పుడు ఆయన గ్లాసు తిప్పుతున్నాడు. ఎంత తీరిక లేని మనిషో చూడండి! ఆయనే ఓపిగ్గా లేచి, అది వైన్స్ అనీ, ఇది వైన్ అనీ, రెండింటినీ కలిపి చూడటం చదువు లేకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది అనీ వివరించాడు. చదువు మాట వినగానే భాగ్యవ్వ చీపురుతో ఆయన వైపు రెండడుగులు వేసింది.

నిపుణుడు మంచివాడు. కావాలంటే చూడమ్మా, ఇందులో పొగాకు వాసన కూడా ఉందని గ్లాసు ఆమె చేతికిచ్చాడు. భాగ్యవ్వ చీపురు చంకలో పెట్టుకుని వాసన చూసింది.

"దీంట్ల తంబాకు లేదు సార్" అంది. "ఉంటె నాకు తెల్వదా? పదేండ్ల పిల్లప్పటిసంది గదే వాసనల బతుకుతున్న."

మాట మార్చడానికి గిటారిస్టు ఒక పాట ఎత్తుకున్నాడు. నిపుణుడు అర్థం చెప్పాడు. కూలి డబ్బులన్నీ తాగి భర్త తూలుతూ వస్తుంటాడు, భార్య గడపలో కూర్చుని ఎదురుచూస్తుంటుంది. ముందు వరుస మొత్తం కరిగిపోయింది. అర్జీల పెద్దమనిషి కర్చీఫ్ తీసి కళ్లు ఒత్తుకున్నాడు. దుఃఖం దూరదేశానిదైతే ఎంత మధురంగా ఉంటుంది! భాగ్యవ్వ మాత్రం ఏడవలేదు. ఈ కథ తన ఇంట్లో పాస్ లేకుండానే దొరుకుతుందని పక్కామెతో అంది. తర్వాత స్టీలు బకెట్ చూపించి అదేమిటని అడిగింది. ఉమ్మేయడానికని చెప్పారు. ఇంత ఖరీదైనదాన్ని తాగకుండా ఉమ్మేస్తారా అని మళ్లీ అడిగింది. అదే అసలు పద్ధతి అన్నారు.

"గట్లయితె గా ఉమ్మేసుడేదో మా ఇంటాయనకు గూడ నేర్పుండ్రి సార్" అంది. "ఇగ నేను అర్జీలే పెట్ట."

ముందు వరుస పగలబడి నవ్వింది. ఆమె నవ్వలేదు. చీపురు తీసుకుని బయటికి నడిచింది, వెనకే మిగతా ఆడవాళ్లు.

మన అధికారులు పని చేయరని గొణిగేవాళ్లకు ఇదే నా సవాలు. సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా, జనం తప్పుదారి పడుతున్నారని గుర్తించి, మనుషుల్ని పంపి దాన్ని పీకించేశారు. ఇంత వేగం మీరెప్పుడైనా చూశారా? దుకాణాన్ని కాదు లెండి. ఫ్లెక్సీని.

నేను నేర్చుకున్నది ఊరికే పోకూడదని, ఏ చప్పుడుకు ఏ వైన్ నప్పుతుందో రోజూ సాధన చేస్తున్నాను. నిన్న సాయంత్రం భాగ్యవ్వ గల్లీ మొదట్లో నిలబడ్డాను. ఐదున్నరకు కాలేజీ బస్సు వచ్చి ఆగింది. క్లీనర్ తలుపు తీసి అలవాటుగా "వర్షిత" అని పిలిచాడు. ఎవరూ దిగలేదు. దుకాణం ముందున్నవాళ్లు నవ్వారు. వాళ్లలో లక్ష్మీరాజం కూడా ఉన్నాడు. బస్సు వెళ్లిపోయింది.

దుఃఖానికి చిక్కటిది, కోపానికి వగరుది అని నాకు పాఠం చెప్పారు. నిన్న నాకు రెండూ ఒకేసారి వచ్చాయి. ఇలాంటప్పుడు ఏది తాగాలో అర్జీల పెద్దమనిషి సెలవివ్వాలి. లేదంటే ఆ బకెట్ అయినా పంపించాలి. ఎక్కడ ఉమ్మేయాలో నాకు బాగా తెలుసు.